మా నాలుగు బర్నర్ల గ్యాస్ స్టవ్: ఎనిమిది నెలల తర్వాత రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ మా వంటింట్లో ఉన్న ఈ నాలుగు బర్నర్ల గ్లాస్ టాప్ గ్యాస్ స్టవ్‌ది. ఎనిమిది నెలలుగా రెండు పూటలా దీని మీదే వంట చేస్తున్నాం. కంపెనీ పేరు చెప్పట్లేదు. స్టిక్కర్ కూడా తీసేశాను. నేను చెప్పబోయే లోపం చాలా స్టవ్‌లలో ఉంటుంది, మీ ఇంట్లోదానిలోనూ ఉండొచ్చు. పేరు విని వదిలేయకుండా మీ స్టవ్ దగ్గరకు వెళ్లి ఒకసారి చూసుకోవాలని నా కోరిక.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. మంట బాగుంది, నీలంగా, సమంగా వస్తోంది. ఇత్తడి బర్నర్లు, ఇప్పటిదాకా ఒక్కటి కూడా పూడిపోలేదు. పాలు పొంగినా అద్దం మీద తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. నాబ్‌ను లోపలికి నొక్కితేనే తిరుగుతుంది కాబట్టి పిల్లల చెయ్యి తగిలినా, చీర కొంగు తగిలినా దానంతట అది తెరుచుకోదు. ఐఎస్ఐ గుర్తు ఉంది, ఐఎస్ 4246 అనే ప్రమాణం కింద. మంట వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలన్న షరతు ఆ ప్రమాణంలోదే. ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు అసలు విషయం. కొన్న మూడో వారంలో ఒక రోజు పొద్దున అమ్మ కుడివైపు వెనక బర్నర్ మీద కుక్కర్ పెట్టింది. నాబ్ తిప్పింది, లైటర్ పట్టుకెళ్లి వెనక బర్నర్ దగ్గర టిక్కు టిక్కు అనిపిస్తోంది. వెలగట్లేదు. నాలుగైదు సార్లు నొక్కేసరికి ముందున్న బర్నర్ భగ్గున అంటుకుంది. అమ్మ తిప్పింది ముందు బర్నర్ నాబ్. గ్యాస్ అక్కడ వస్తోంది, లైటర్ ఇక్కడుంది. దేవుడి దయ వల్ల ముంజేతి మీద వెంట్రుకలు కమిలాయి, అంతే. నేను పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ స్టవ్ కట్టేసి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అప్పుడు అమ్మ అన్న మాట ఈ వీడియోకు కారణం. "నాదే పొరపాటు నాయనా, వయసైపోతోంది, మతి ఉండట్లేదు."

అమ్మకు 61 ఏళ్లు. ముప్పై ఏళ్లు రెండు బర్నర్ల స్టవ్ మీద వండింది. ఎడమ నాబ్ తిప్పితే ఎడమ బర్నర్, కుడి నాబ్ తిప్పితే కుడి బర్నర్. ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. మూడు వారాల్లో మతి పోతుందా ఎవరికైనా?

దగ్గరగా చూపిస్తాను, చూడండి. బర్నర్లు నాలుగూ చతురస్రంలో ఉన్నాయి. ముందు రెండు, వెనక రెండు. నాబ్‌లు మాత్రం ముందు ఒకే వరుసలో నాలుగు. ఎడమ నుంచి మొదటిది ఎడమ ముందు బర్నర్‌ది. రెండోది ఎడమ వెనకది. ఇప్పుడు మూడోది ఏ బర్నర్‌దో చెప్పండి. వీడియో ఆపి ఒకసారి ఆలోచించండి.

ఎడమవైపు చివరి నాబ్ ముందు బర్నర్‌ది అయితే, కుడివైపు చివరి నాబ్ కూడా ముందు బర్నర్‌దే అవ్వాలని మన కన్ను అనుకుంటుంది. అద్దంలో బొమ్మలాగా. ఇక్కడ అలా లేదు. మూడోది కుడి ముందుది, నాలుగోది కుడి వెనకది. ఒక్కో నాబ్ పక్కన నాలుగు చుక్కల చిన్న బొమ్మ ఉంది, ఏ చుక్క నిండుగా ఉంటే ఆ బర్నర్ అని అర్థం. నిలబడి వంట చేసేటప్పుడు ఆ చుక్క కనపడదు, వంగి చూడాలి. పైగా రోజూ తోమడం వల్ల రెండు చోట్ల ఇప్పటికే చెరిగిపోయింది.

ఈ సమస్యకు 1959లోనే ప్రయోగం చేసి జవాబు చెప్పారు. అమెరికాలో ఆల్ఫోన్స్ చపానిస్, లిండెన్‌బామ్ అని ఇద్దరు పరిశోధకులు. సరిగ్గా ఇలాంటి నాలుగు బర్నర్ల పొయ్యి నమూనాతో, నాబ్‌లకూ బర్నర్లకూ మధ్య నాలుగు రకాల అమరికలు పరీక్షించారు. ఒక బర్నర్‌ను సూచిస్తారు, దానికి చెందిన నాబ్‌ను వెంటనే ఎంచుకోవాలి. ఒక్కో అమరికకు 1,200 ప్రయత్నాలు. బర్నర్లు చతురస్రంలో ఉన్న మూడు అమరికల్లో వచ్చిన తప్పులు 76, 116, 129. చివరిదాన్ని తీసుకుంటే దాదాపు ప్రతి తొమ్మిది సార్లకు ఒక తప్పు. నాలుగో అమరికలో వెనక బర్నర్లను కాస్త పక్కకు జరిపారు. అంటే ముందు నుంచి చూస్తే నాలుగు బర్నర్లూ నాలుగు వేర్వేరు గీతల మీద కనిపిస్తాయి, నాబ్‌ల వరుసా అదే. ఆ అమరికలో 1,200 ప్రయత్నాలకు తప్పులు ఎన్నో తెలుసా? సున్నా. ఒక్కటి కూడా లేదు.

మనుషుల తెలివిలో తేడా లేదు. బర్నర్లు కొద్దిగా జరిపారు, అంతే.

ఈ విషయం చదివిన రాత్రి అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. "అయితే చదువుకున్న వాళ్లు కూడా తప్పే తిప్పారా?" అని అడిగింది. తిప్పారమ్మా అన్నాను. ఆ మాటతో ఆమె ముఖంలో వచ్చిన తేలిక మీకు కెమెరాలో చూపించలేను.

ఈ చపానిస్ గురించి ఇంకొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి. అమెరికా బి-17 బాంబర్ విమానాలు క్షేమంగా దిగాక రన్‌వే మీద ఉన్నట్టుండి చక్రాలు లోపలికి ముడుచుకుని పొట్ట మీద కూలబడేవి. రెక్కలకుండే ఫ్లాప్‌లు మూయబోయి పైలట్లు చక్రాల మీట లాగేస్తున్నారు. పైలట్ తప్పిదం అని రాసుకున్నారు. చపానిస్ 1943లో వెళ్లి కాక్‌పిట్‌లో కూర్చుని చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకేలా ఉన్నాయి. వేరే రకం విమానాల్లో ఈ రెండూ ఇలా లేవు, అక్కడ ఈ ప్రమాదాలూ లేవు. చక్రాల మీట కొనకు చిన్న రబ్బరు చక్రం బిగించాడు, ఫ్లాప్‌ల మీటకు రెక్క ఆకారంలో ఉన్న ముక్క పెట్టాడు. చూడకుండా ముట్టుకున్నా చేతికి తెలిసిపోతుంది. ఆ తప్పు ఆగిపోయింది. యుద్ధం అయ్యాక 1947లో పాల్ ఫిట్స్, జోన్స్ అనే ఇద్దరు, పైలట్ తప్పిదాలుగా చెప్పిన 460 అనుభవాలు సేకరించి విడదీసి చూస్తే, సుమారు సగం ఒక మీట బదులు ఇంకోటి పట్టుకోవడం వల్ల జరిగినవే.

ఆ విమానం కథకూ మా వంటింటికీ సంబంధం ఇదిగో. వెనక బర్నర్ల నాబ్‌లు రెండింటికి, అంటే రెండోదానికీ నాలుగోదానికీ, సన్నటి సిలికాన్ రింగులు తొడిగాను. వేళ్లకు గరుగ్గా తగిలితే వెనక బర్నర్, నున్నగా ఉంటే ముందు బర్నర్. కిందికి చూడక్కర్లేదు. వారం రోజుల్లో అమ్మకు అలవాటైంది. నేను మొదట రంగు చుక్కలు అంటించి చూశాను. ఆవిరికీ నూనె జిడ్డుకీ నాలుగు రోజుల్లో ఊడిపోయాయి, కుక్కర్ విజిల్ వేస్తూ పాలు పొంగుతూ ఉన్న టెన్షన్‌లో చుక్కల వైపు చూసే తీరికా ఉండదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి, రింగులు మా ఇంటి ఏర్పాటు. పండక్కి వచ్చిన పిన్ని మొదటి రోజే మూడో నాబ్ తిప్పి వెనక బర్నర్ వైపు లైటర్ పట్టుకెళ్లింది. స్టవ్ సరిగ్గా ఉంటే ఆమెకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, గ్యాస్ పొయ్యి దగ్గర తప్పు నాబ్ తిప్పడం టీవీ రిమోట్‌లో తప్పు బటన్ నొక్కడం లాంటిది కాదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. వెలగని బర్నర్ నుంచి వచ్చిన గ్యాస్ కిందికి దిగి గట్టు మీదా నేల మీదా పేరుకుంటుంది. వాసన తెలిసేలా కలిపారు కాబట్టి చాలాసార్లు బయటపడతాం. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజు పరిస్థితి ఏంటి?

నాబ్‌ల గురించే ఇంకో చిన్న మాట. మన స్టవ్‌లలో నొక్కి ఎడమకు తిప్పగానే ముందు పెద్ద మంట వస్తుంది, ఇంకా తిప్పితే సిమ్. వెలిగించడానికి పెద్ద మంట మంచిదే. మంట తగ్గించాలంటే ఆపే వైపు కాకుండా ఇంకా ముందుకే తిప్పాలి, కొత్తగా వంట నేర్చుకునే పిల్లలు ఇక్కడ తికమకపడతారు. మీ ఇంట్లో పిల్లలకు మొదటి రోజే చూపించండి.

ఇక ఎత్తు సంగతి. దీని గురించి మాత్రం ఏ రివ్యూలోనూ చెప్పగా నేను వినలేదు. బాక్స్ మీద పొడవు, వెడల్పు, ఎత్తు రాసి ఉంటాయి, ఆ ఎత్తు మనం చదవం. టేపు పెట్టి కొలిచాను. మా వంట గట్టు 34 అంగుళాలు. స్టవ్ మీద గిన్నె కూర్చునే చోటు ఇంకో 5 అంగుళాలు పైకి. మొత్తం 39. దాని మీద 6 అంగుళాల లోతు గిన్నె పెడితే అంచు 45 అంగుళాల ఎత్తుకు వెళ్లింది. అమ్మ నాలుగడుగుల పదకొండు అంగుళాలు. నిలబడి మోచెయ్యి మడిస్తే నేల నుంచి 37 అంగుళాలు. అంటే గిన్నె అంచు మోచేతి కంటే 8 అంగుళాలు పైన ఉంది. గరిటె పట్టుకున్నంతసేపూ భుజం ఎత్తి పెట్టాల్సిందే.

నిలబడి చేసే తేలిక పనికి చేతులు మోచేతి కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుండాలని, బలం వేసి చేసే పనికి ఇంకా కిందుండాలని ఎర్గొనామిక్స్‌లో, అంటే మనిషి ఒంటికి తగ్గట్టు పనినీ పనిముట్లనూ అమర్చే శాస్త్రంలో, చాలాకాలంగా చెబుతున్న లెక్క. స్విట్జర్లాండ్ పరిశోధకుడు గ్రాంజాన్ సూచించిన కొలతలు ఇవి. మా ఇంట్లో పూర్తిగా తలకిందులు. పోపు వేయడం, చారు కలపడం ఎలాగో నడిచిపోతుంది. రాగి సంగటి దగ్గర తెలుస్తుంది అసలు కష్టం. మాది సంగటి తినే ఇల్లు. పిండి పోశాక తెడ్డుతో బలంగా కిందికి నొక్కి కెలకాలి, లేకపోతే ఉండలు కడుతుంది. భుజాలు ఎత్తి పెట్టి కిందికి బలం ఎలా వేస్తారు? అమ్మ మొదటి నుంచీ సంగటి గిన్నెను దించి, నేల మీద కుదురు వేసి, దాని మీద పెట్టి, పైనుంచి ఒళ్లంతా బరువు వేసి కెలుకుతుంది. చిన్నప్పుడు అది పాత అలవాటు అనుకున్నాను. కొలతలు చూశాక అర్థమైంది, ఆ పనికి సరైన ఎత్తు అమ్మకు ఎప్పుడో తెలుసు.

కొంతమంది గట్టు ముందు పీట వేసుకుని ఎక్కి వండుతారు. దయచేసి వద్దు. వేడి నూనె పక్కన కాలు జారితే ఏమవుతుందో ఊహించుకోండి. సొంత ఇల్లు కట్టుకుంటుంటే స్టవ్ పెట్టే చోట గట్టును నాలుగైదు అంగుళాలు దించి కట్టమని మేస్త్రీకి చెప్పండి. ఎంత దించాలో మీ ఇంట్లో ఎక్కువగా వండే మనిషి మోచెయ్యి కొలిచి నిర్ణయించండి. మాది అద్దె ఇల్లు, గట్టును ముట్టుకోలేం. లోతు గిన్నెలు తగ్గించి వెడల్పాటి మూకుళ్లు వాడుతున్నాం. దాంతో మూడు అంగుళాలు కలిసొచ్చింది. భుజం నొప్పి తగ్గిందని అమ్మ చెబుతోంది.

మరి ఈ స్టవ్ కొనొచ్చా? మంటకు, కట్టుబడికి నేను పది మార్కులకు ఎనిమిది ఇస్తాను. నాబ్‌ల అమరికకు రెండే. మొత్తం మీద నేనైతే మళ్లీ కొనను. మా ఇంట్లో నలుగురమే, నాలుగు బర్నర్లూ ఒకేసారి వెలిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎడమ, మధ్య, కుడి అని వరుసగా ఉండే మూడు బర్నర్ల స్టవ్ తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. నాలుగు కావాల్సిందే అంటే వెనక బర్నర్లు పక్కకు జరిపి ఉన్న మోడల్ కోసం వెతకండి. ఆటో ఇగ్నిషన్ ఉంటే మంచిదే, తిప్పిన బర్నరే వెలుగుతుంది కాబట్టి గ్యాస్ ఊరికే పోవడం తగ్గుతుంది. అయితే కుక్కర్ ఆపబోయి పాలు ఆపడం మాత్రం దాంతో తగ్గదు.

షాపులో ఒక పరీక్ష చేయండి. ఇంట్లో రోజూ వండే మనిషిని వెంట తీసుకెళ్లండి. స్టవ్ ముందు నిలబెట్టి, మీరు గబగబా "కుడి వెనక", "ఎడమ ముందు", "కుడి ముందు" అంటూ ఉండండి, వాళ్లు నాబ్ పట్టుకోవాలి. ఆ చిన్న బొమ్మల వైపు చూడకూడదు. ఇరవై సార్లలో ఒక్కసారి చెయ్యి తడబడినా ఆ మోడల్ పక్కన పెట్టేయండి. షాపు వాళ్లు "రెండు రోజుల్లో అలవాటైపోతుంది మేడమ్" అంటారు. మాకూ అదే చెప్పారు.

మీ స్టవ్ నాబ్‌లు ఎడమ నుంచి వరుసగా ఏ బర్నర్‌వో కామెంట్‌లో రాయండి, వంట చేసేవాళ్ల మోచెయ్యి నేల నుంచి ఎన్ని అంగుళాలో, మీ గట్టు ఎంతో కూడా రాయండి. వచ్చే వీడియోలో ఆ కొలతలు పెట్టుకుని, ఏ ఇంటికి ఎంత ఎత్తు గట్టు కావాలో ఒక్కొక్కటిగా లెక్క వేసి చూపిస్తాను.