పెళ్లికి ముందు అగ్రిమెంటు: వకీలు ఫీజు దేనికి పెట్టాలి?

శ్రోతలకు నమస్కారం. నిశ్చితార్థానికీ లగ్నపత్రికకూ మధ్య ఈమధ్య కొన్ని కుటుంబాలు వకీలు దగ్గరికి వెళ్లి, "ఆస్తిపాస్తుల గురించి ముందే ఒక అగ్రిమెంటు రాసుకుందామనుకుంటున్నాం సార్, ఎంతవుతుంది?" అని అడుగుతున్నాయి. కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా దీనికి రేటు పట్టిక ఏదీ లేదు. ఇలాంటి రాతకు ఇంత తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. స్టాంపు, నోటరీ ఖర్చులు చిన్నవి. అసలు ఖర్చు వకీలు కూర్చునే సమయానికే. ఆ సమయాన్ని కోర్టులో నిలబడని షరతుల మీద పెడితే డబ్బు దండగ.

హిందూ వివాహ చట్టంలో పెళ్లికి ముందు ఒప్పందం అన్న మాటే లేదు. గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ఉండడంతో అక్కడ సంగతి వేరు. క్రైస్తవుల విషయంలో 1869 నాటి విడాకుల చట్టం, 40వ సెక్షన్ కింద, ఇలాంటి ఏర్పాట్లను కోర్టు పరిశీలించవచ్చంటుంది. ముస్లిం కుటుంబాలకు భర్త భార్యకు ఇచ్చే మెహరు, నికానామా అనే పెళ్లిపత్రంలో షరతులు ఎప్పటినుంచో ఉన్నవే. వాటిని ఖాజీ గారి దగ్గరే స్పష్టంగా రాయించుకుంటే వేరే కాగితం అవసరం తగ్గుతుంది. మిగిలినవాళ్ల అగ్రిమెంటును 1872 నాటి కాంట్రాక్టు చట్టం తూకం వేస్తుంది. అందులో 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు.

"విడిపోతే భరణం అడగను" అని అమ్మాయి చేత రాయించుకుంటారు. అది నిలబడదు. భరణం హక్కు చట్టం ఇచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త చట్టం వచ్చి, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్‌గా మారినా, పాత 125వ సెక్షన్ హక్కు అలాగే ఉంది. "పిల్లలు పుడితే తండ్రి దగ్గరే" అన్నదీ అంతే, పిల్లల మేలు చూసి కోర్టే తేలుస్తుంది. "కోర్టుకు పోకూడదు" అన్న షరతుకు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ అడ్డం. వీటికోసం నాలుగు పేజీలు రాయించి ఫీజు కట్టడంలో అర్థం లేదు.

కట్నం సంగతి ఇంకా ప్రమాదం. "ఇచ్చిన కట్నం విడిపోతే తిరిగి ఇవ్వాలి" అని రాశారంటే, కట్నం ఇచ్చినట్టు ఇరువైపులా సంతకాలు పెట్టి ఒప్పుకున్నట్టే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో ఇచ్చినవాళ్లకూ శిక్ష ఉంది. కట్నం గురించిన ఒప్పందం చెల్లదని 5వ సెక్షన్ నేరుగానే చెబుతుంది. అలాంటి వాక్యం రాసిన వకీలు ఉంటే, వేరే వకీలును చూసుకోవడం మంచిది.

ఇక నిలబడేవి. మొదటిది ఎవరి పేరున ఏముంది, ఎవరికి ఎంత అప్పుంది అన్న వివరం. రుజువుగా దీనికి విలువ ఉంటుంది. ఇల్లు, పొలం, బ్యాంకు డిపాజిట్లు, పీఎఫ్, ఎల్ఐసీ, చీటీలు, పర్సనల్ లోన్లు అన్నీ రాయాలి. పెళ్లికి ముందు అప్పు ఎవరిది వాళ్లదేనని రాసుకున్నా అది వాళ్లిద్దరి మధ్యే. లోనులో ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. అబ్బాయి తన పేరున లేనిదాన్ని రాసివ్వలేడు. "నాన్న తర్వాత నాకొచ్చే చేను" అన్నది ఆశే తప్ప ఆస్తి కాదు, ఆస్తి బదలాయింపు చట్టం 6వ సెక్షన్ దాన్ని బదలాయించనివ్వదు.

ఈ కాగితాలన్నీ మీరే సర్దుకుని వెళితే వకీలు పని సగానికి తగ్గుతుంది, ఫీజు గురించి మాట్లాడేందుకు మీకూ వీలుంటుంది. పట్టా పాసుపుస్తకం, 1బి, అడంగల్, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, లోను స్టేట్‌మెంట్లు ఉండాలి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి.

రెండోది కానుకల జాబితా. దీనికి వకీలు కూడా అక్కర్లేదు, కానీ పట్టించుకునేవాళ్లు తక్కువ. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో చేసిన నిబంధనల ప్రకారం పెళ్లిలో వచ్చిన కానుకలకు అమ్మాయి ఒకటి, అబ్బాయి ఒకటి జాబితా రాసుకోవాలి. వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అన్నవి రాసి, రెండింటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టాలి. బంగారును తులాల్లో రాయకండి. ఇప్పటి అంగట్లో తులమంటే పది గ్రాములు, పాత లెక్కలో 11.66. గొడవొస్తే ఆ తేడానే పట్టుకుంటారు. గ్రాముల్లో, రాళ్ల తూకం వేరుగా రాయాలి. ప్రొద్దుటూరులో కొన్నా, ఊర్లోనే కొన్నా బిల్లు ఉంచుకుని, హాల్‌మార్కు పక్కనుండే ఆరక్షరాల హెచ్‌యూఐడీని జాబితాలో ఎక్కిస్తే ఏ నగ ఏదో తేలిపోతుంది. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఏది స్త్రీధనమో చూపించడమే కష్టమైన పని.

మూడోది భూమి. పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకు రెండెకరాలని పెద్దమనుషుల ముందు చెప్పినంత మాత్రాన హక్కు మారదు. ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు కావాలి, రాసిన నాలుగు నెలల్లోపు సబ్ రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. ముస్లింల హిబాకు, అంటే దానానికి, మాత్రం ఈ నియమం వర్తించదు. దీనికి స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ మీద పడుతుంది, అది వకీలు ఫీజుతో కలిసేది కాదు. ప్రభుత్వం పంచిచ్చిన డీకేటీ పట్టా భూమా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఎ జాబితాలో ఉందా అన్నది ముందే చూసుకోవాలి. లేదంటే రాయించిన ఖర్చంతా పోయి దస్తావేజు తిరిగొస్తుంది.

ఇంకో సంగతి. ఇలాంటి దస్తావేజుల పాత నమూనాలో "జీవితాంతం అనుభవించి, తదనంతరం సంతానానికి" అని ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ వల్ల, అలా రాస్తే ఆమెకు దక్కేది అనుభవహక్కే. అమ్ముకునే హక్కుతో సహా ఇవ్వదలిస్తే "సర్వహక్కులతో" అని స్పష్టంగా ఉండాలి. దస్తావేజు లేఖరి కంప్యూటరులో పేర్లు మార్చి తీసిచ్చే నమూనాలో ఈ ఒక్క వాక్యం వకీలు చేత చూపించుకోవడం ఫీజుకు తగిన పని.

ఫీజు మాట్లాడేటప్పుడు సలహా, రాత, సవరణలు వేరు వేరుగా అడగండి. ఎన్నిసార్లు సవరించినా అదే ఫీజా అన్నది ముఖ్యం, ఖర్చు పెరిగేది అక్కడే. రసీదు తీసుకోండి. సొంత పనికి వ్యక్తిగా వకీలును పెట్టుకుంటే ఆ ఫీజు మీద జీఎస్టీ పడదు. ఒకే వకీలు ఇద్దరికీ రాయడం చవకే. కానీ "నాకెవరూ వివరించలేదు" అని రేపు ఒకరన్నా ఆ అగ్రిమెంటు బలహీనపడుతుంది. అందుకే రెండోవారికి వేరే వకీలు ఉంటే మేలు. ఆ రెండో వకీలు రాయనక్కర్లేదు, చదివి చెబితే చాలు. కాబట్టి ఫీజు కూడా మొదటాయన అంత అడగకూడదు.

సంతకం పందిరి వేశాక, బంధువులు దిగాక పెట్టించుకుంటే బలవంతం అన్న వాదన వస్తుంది. కొన్ని వారాల ముందే కానివ్వండి. తెలుగు చదివేవాళ్లకు తెలుగులోనే రాయించండి. మామూలు ఒప్పందానికి వాడేది 100 రూపాయల స్టాంపు పేపరు. ఆరు నెలలు దాటితే పేపరు చెల్లదన్నది అపోహ, ఆ గడువు డబ్బు వాపసు కోసమే. ఒప్పందం తేదీ తర్వాత కొన్న పేపరు అయితే మాత్రం అనుమానం ఖాయం. స్టాంపు తగ్గితే లోటుకు పదిరెట్ల దాకా జరిమానా పడవచ్చు. నోటరీ దగ్గర రిజిస్టరులో మీ సంతకాలు, వరుస నంబరు పడ్డాయో లేదో చూసుకోండి.

అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉంటే ఇక్కడి అగ్రిమెంటు అక్కడ సరిపోదు. కాలిఫోర్నియాలో తుది ప్రతి చేతికిచ్చాక ఏడు రోజులు ఆగాకే సంతకం చేయాలి. అక్కడి వకీలు అక్కడే కావాలి, ఆ ఫీజు వేరు.

ఫీజు భరించలేని ఆడపిల్లలు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కేసు పడే దాకా ఆగనక్కర్లేదు, సలహా కూడా అందులో భాగమే. ఫోన్ నంబరు 15100.