304లోంచి 126 తీసేస్తే: నాలుగు తప్పు జవాబుల గురించి

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, ఆదివారమైనా వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పెందుర్తి, గాజువాక, భీమిలి నుంచి ఎండలో వచ్చారు. నేరుగా విషయంలోకి వెళ్తాను.

పిల్లల అవసరాలకు, ఆసక్తులకు తగిన బోధన గురించి మాట్లాడమన్నారు. లెక్కలు, చదవడం, ఆసక్తులు అని మూడు భాగాలు అనుకున్నాను. ముందు అందరూ పెన్ను తీయండి. వెనక వరుసలోని మేడమ్‌లు కూడా. 304 − 126 రాయండి. జవాబు 178.

నాలుగో తరగతిలో ఈ లెక్క ఇస్తే వచ్చే తప్పుల్లో నాలుగు చెబుతాను: 222, 88, 278, 430. నాలుగింటికీ మనం పెట్టేది ఇంటూ మార్కే. రిజిస్టర్లో నలుగురికీ సున్నా. "గుంటడికి తీసివేతలు రావు" అనేస్తాం. కానీ ఈ నలుగురి అవసరం ఒకటి కాదు.

222 రాసిన పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. 4, 6 చూసి 2 అంది. పైనుంచి కింది సంఖ్యను తీయాలన్న సంగతే ఆమెకి అందలేదు. ఆమెకి మూడంకెల లెక్కలు ఆపండి. చీపురు పుల్లల్ని పదేసి రబ్బరు బ్యాండుతో కట్టించి, 52 − 27 చేయించండి. రెండు విడి పుల్లల్లోంచి ఏడు ఎలా ఇస్తావని అడిగితే, కట్ట తనే విప్పుతుంది. మనం విప్పకూడదు.

88 రాసినవాడు వందల స్థానం నుంచి ఒకటి తెచ్చి నేరుగా ఒకట్లకి ఇచ్చాడు. 14లోంచి 6 పోతే 8. మళ్లీ వందల నుంచే పదులకి తెచ్చాడు, ఇంకో 8. చివరికి వందల్లో ఏమీ మిగల్లేదు. వీడికి పుల్లలకన్నా డబ్బులు నయం. వంద నోటు ఇచ్చి పది రూపాయల చిల్లర తీసుకుంటావా అని అడగండి. వందని పది పదులుగా, అందులో ఒక పదిని పది రూపాయి బిళ్లలుగా తన చేత్తో మార్పించండి. రెండు వందలు, తొమ్మిది పదులు, పద్నాలుగు ఒకట్లు అప్పుడు కళ్లముందు ఉంటాయి.

278 వాడు దాదాపు వచ్చేశాడు. సున్నాని 9 చేయాలని బట్టీ పట్టాడు, 3ని 2 చేయడం మరిచాడు. వీడికి మొదటినుంచీ చెప్పడం వాడి కాలం పాడుచేయడమే. 278కి 126 కలిపి చూడమనండి. 404 వస్తుంది. తప్పు వాడే పట్టుకుంటాడు. 430 రాసిన పాప గుర్తు చూడకుండా కూడేసింది. లెక్క మొదలుపెట్టేముందు గుర్తు చుట్టూ సున్నా చుట్టించండి, చాలు.

ఒక్క లెక్కతో తీర్పు చెప్పకండి. 500 − 237 కూడా ఇవ్వండి. అక్కడ 337 వస్తే మొదటి రకం, 363 వస్తే మూడో రకం. ఒకసారి వస్తే పరాకు కావచ్చు, రెండుసార్లూ అదే తీరున వస్తే వాడి ఆలోచనే అది.

ఇచ్చిన సమయంలో సగం ఈ లెక్కకే పోయింది. పోనివ్వండి, చెప్పాల్సింది ఇదే. నలభైమందికి నలభై పాఠాలు ఎవరివల్లా కాదు. అక్కర్లేదు కూడా. తప్పులు కొన్ని రకాలే కాబట్టి గుంపులూ కొన్నే. రోజుకి ఒక గంట, తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఇది చెడిపోయేది ఒకచోట: జూన్‌లో వేసిన గుంపు ఏప్రిల్ దాకా కదలదు. అప్పుడది గుంపు కాదు, ముద్ర. రెండు వారాలకోసారి మళ్లీ చూసి మార్చండి. వెనక గుంపు దగ్గర ఉపాధ్యాయుడే కూర్చోవాలి, లీడర్ పిల్లాడు కాదు.

చదవడం సంగతి క్లుప్తంగా. 'కాకి' చదివి 'అక్క' దగ్గర ఆగినవాడికి అక్షరమాల మళ్లీ దిద్దించకండి, వాడికి కావాల్సింది ఒత్తులు. ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి ఐదేసి నిమిషాలు చదివించుకోండి. 36 మందైతే రోజుకి అరగంట చొప్పున ఆరు రోజుల పని. అందరి ముందూ చదివిస్తే పక్కవాడు అందించింది వింటాం.

ఆసక్తి అంటే జాలరిపేట పిల్లాడికి ఎప్పుడూ చేపల లెక్కలే ఇవ్వడం కాదు. వంజరం వేలంతో మొదలుపెట్టొచ్చు, అక్కడే ఆపేస్తే వాణ్ని ఒడ్డునే కట్టేసినట్టు. ఇక చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని విడగొట్టమనే శిక్షణలు నమ్మకండి. అలా విడగొట్టి చెబితే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం దొరకలేదని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పారు.

అధికారులకి ఒక్క మనవి. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ తెరవండి. ఉపాధ్యాయుడి విధుల్లో 'సి' క్లాజు: సిలబస్ గడువులోగా పూర్తిచేయాలి. దాని కిందే 'డి': ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. రెండూ చట్టమే. తనిఖీకి వచ్చినవాళ్లు మొదటిదే ఎందుకు అడుగుతారు? సిలబస్ ఎంతయిందని అడిగిన ప్రతిసారీ ఈ గంటని మేం సిలబస్‌కే ఇచ్చేస్తాం. ఈసారి వచ్చినప్పుడు మార్కుల రిజిస్టర్ పక్కన పెట్టి, దిద్దిన పేపర్లు పది తెప్పించుకోండి. 222 రాసిన పిల్లకి ఆ వారం ఏం చేశారని అడగండి.

తల్లిదండ్రులకీ ఇదే. ఎన్ని మార్కులొచ్చాయని కాదు, పేపరు చూపించమని అడగండి. మేం చూపిస్తాం.