ఈ తాళంచెవి ఎవరికివ్వాలి?

అందరికీ నమస్కారం. డైరెక్టర్ గారికి, అడ్మినిస్ట్రేషన్ పెద్దలకు, యూనియన్ మిత్రులకు, ఈరోజు రిటైరవుతున్న మా తమ్ముడి ఇంటినుంచి వచ్చిన మరదలికి, పిల్లలకు పేరుపేరునా నమస్కారాలు. ఇంకా చాలామంది పేర్లు చీటీ మీద రాసుకొచ్చాను గానీ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. క్షమించండి. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను రిటైరై ఆరేళ్లయింది, ఈ ఆరేళ్లలో ఇక్కడ నాకు మైకు దొరకడం ఇదే మొదలు. కాబట్టి ఐదు నిమిషాల సంగతి తర్వాత చూద్దాం.

తమ్ముడు సౌమ్యుడు, టైముకు వస్తాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు అని ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. అన్నీ నిజమే. అతను చేసే పనేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పలేరు కూడా, మన ల్యాబ్‌కు కావాల్సిన గాజు సామాను ఊది తయారుచేసే ఆ గాజు సెక్షన్ గదిలో అడుగుపెట్టినవాళ్లు ఈ హాల్లో పదిమంది ఉంటే ఎక్కువ.

అక్కడ గ్యాసు, ఆక్సిజన్ కలిపిన మంట ఎప్పుడూ హోరుమంటూ ఉంటుంది. గాజు కాలేటప్పుడు లేచే పసుపు వెలుగులో ఏమీ కనబడదు కాబట్టి డిడీమియం అద్దాలు పెట్టుకోవాలి. ఒక చేత్తో గొట్టం తిప్పుతూ, ఇంకో చేత్తో బర్నరు సర్దుతూ, నోట్లో రబ్బరు ట్యూబు పెట్టుకుని ఊదాలి. బోరోసిలికేట్ గాజు 820 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పని చేయాలంటే ఇంకా చాలా వేడెక్కాలి. అతుకు పడ్డాక 560 దగ్గర ఓవెన్‌లో పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడి బయటికి తీస్తే పైకి బాగానే ఉంటుంది. నెల తర్వాత ఏ అర్ధరాత్రో, ఎవరూ ముట్టుకోకుండానే, టప్ మని పగులుతుంది. ఇది చేతికి రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. తమ్ముడికి మూడే. అప్పట్లో నాకు కొంచెం కుళ్లుగా ఉండేది, ఇప్పుడు చెప్పేస్తున్నా.

నేను చేరినప్పుడు సెక్షన్‌లో మేం ఏడుగురం. నేను వెళ్లేటప్పటికి ఇద్దరు. ఈరోజు సాయంత్రం ఐదున్నర తర్వాత ఎవరూ లేరు.

ఎవరినైనా తీసేశారా? లేదు. డైరెక్టర్ గారు ఇంతకుముందే అన్నారు, ‘మన దగ్గర ఒక్క రెగ్యులర్ ఉద్యోగినీ తొలగించలేదు’ అని. నిజమే సార్. తొలగించాల్సిన పనేముంది? 2001 కేంద్ర బడ్జెట్‌లోనే లెక్క చెప్పారు కదా. ఏటా మూడు శాతం మంది రిటైరవుతారు, ఒక శాతం మందినే తీసుకుంటే ఏటా రెండు శాతం తగ్గుతారు, ఐదేళ్లకు పది శాతం. ఆ ఏడు మే నెలలో ఆర్డరూ వచ్చింది. ఐదేళ్లకని మొదలైంది 2009 దాకా సాగింది. ఆర్డరు పోయింది గానీ అలవాటు పోలేదు. ఖాళీని కొన్నాళ్లు నింపకపోతే ఆ పోస్టు రద్దయినట్టే లెక్క. ఎందుకు నింపలేదని అడిగితే పని లేదంటారు. పని ఎందుకు లేదని అడిగితే మనిషి లేడంటారు. మేం నలుగురం కలిసి దీనిమీద మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మూడుసార్లూ ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు. పరిశీలించినవాళ్లూ రిటైరైపోయారు.

పని లేదన్న మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నేను వెళ్లాక, గాజు సామాను బయటినుంచి కొంటే చవక అని ఎవరికో తోచింది. ఒక పీహెచ్‌డీ అమ్మాయికి కండెన్సర్, అంటే ఆవిరిని చల్లార్చే గాజు గొట్టం, ఒకటి కావాల్సి వచ్చింది. కావాలని ఇండెంటు కాగితం పెట్టింది, సంతకాలయ్యాయి, ఆన్‌లైన్‌లో టెండరు పిలిచారు. నాలుగు నెలలకు థర్మోకోల్ పెట్టెలో సామాను దిగింది. అడిగింది బి-24 సైజు జాయింట్, వచ్చింది బి-19! అంటే అది ఆ అమ్మాయి ఫ్లాస్కు మీద కూర్చోదు. ఆ పిల్ల ఏడుపు ముఖంతో తమ్ముడి దగ్గరికి వచ్చింది. తమ్ముడు బి-19 కోసేసి బి-24 అతికించి, రాత్రి ఓవెన్‌లో పెట్టి, పొద్దున్న పదింటికి చేతికిచ్చాడు. ఫైల్లో మాత్రం ‘సరఫరా సంతృప్తికరం’. అమ్మా, నువ్వు ఇక్కడున్నావా? ఉంటే చెయ్యెత్తు. ఆ... వెనక ఎత్తింది చూడండి. నేను కట్టుకథలు చెప్పడం లేదు.

ఇంకో మాట. ఇది మన ల్యాబ్ సంగతి కాదు, మా సర్వీసుకు ముందుదే. 1972 మేలో ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో వినోద్ షా అనే శాస్త్రవేత్త, నియామకాల్లో తనకు అన్యాయం జరిగిందని ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్నాడు. పార్లమెంటు అట్టుడికింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అధ్యక్షతన కమిటీ వేశారు. మరుసటి ఏడు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామకాలకు ప్రత్యేక బోర్డు పెట్టారు. మంచిదే. కానీ మనిషి బతికుండగా ఇచ్చిన కాగితాన్ని చదివే అలవాటు మనకెందుకు లేదు? నన్ను మా సీనియర్లు ఇదే అడిగేవారు. నేను మిమ్మల్ని అడుగుతున్నా.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. ఇంకా అసలు విషయానికి రాలేదు సార్, రెండే నిమిషాలు.

వెనక తలుపు దగ్గర టీ కప్పులు సర్దుతున్న అబ్బాయిని చూడండి. ఒరేయ్, తల దించుకోకు. వీడు పదకొండేళ్లుగా ఇక్కడున్నాడు. కాగితం మీద హెల్పరు. ఈ పదకొండేళ్లలో కాంట్రాక్టర్లు నలుగురు మారారు, మారినప్పుడల్లా వీడి సర్వీసు మళ్లీ ఒకటో రోజు. పీఎఫ్ నంబరు మారుతుంది, గేటు పాసు మారుతుంది, మొదటి నెల జీతం ఆలస్యమవుతుంది. మంట ముందు మాత్రం అదే మనిషి. తమ్ముడి పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆ బి-24 అతికించిన రోజు బర్నరు పట్టుకుంది వీడే. ఈ నెలాఖరుతో టెండరు అయిపోతుంది. కొత్త టెండరులో ఆ సెక్షన్‌కు మనిషిని అడగలేదు, ఎందుకంటే సెక్షన్ మూసేస్తున్నారు. రెగ్యులర్ చేయమని అడిగితే మంజూరైన పోస్టు ఏదీ అంటారు. ఆ పోస్టును మీరే పోగొట్టారు కదా!

నేను చట్టం చదివినవాణ్ని కాదు. కానీ 1970లో కాంట్రాక్టు లేబరు చట్టం తెచ్చింది ఎందుకో తెలుసు. 2024 డిసెంబరులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్లను, తోట పనివాణ్ని రెగ్యులర్ చేయమని సుప్రీంకోర్టు చెప్పింది. నిత్యం ఉండే పనికి తాత్కాలికం అని పేరు పెట్టి వాడుకోకూడదంది. ఆ తీర్పు ప్రింటు తీయించి డైరెక్టర్ గారి పీఏకి ఇచ్చాను. అది కూడా పరిశీలనలో ఉండి ఉంటుంది.

డైరెక్టర్ గారూ, మీరు వచ్చి రెండేళ్లే, ఇదంతా మీ చేతుల మీదుగా జరగలేదు. తిట్టడానికి రాలేదు. మీ పైనా అధికారులుంటారు, వాళ్ల పైనా ఉంటారు. కానీ తమ్ముడి జేబులో ఆ గది తాళంచెవి ఉంది. పొద్దున అడ్మినిస్ట్రేషన్‌కు ఫోన్ చేస్తే స్టోర్స్‌లో జమ చేసి రసీదు తీసుకోమన్నారట. స్టోర్స్ ఐదింటికే మూసేశారు. తమ్ముడూ, ఆ చెవి ఇటివ్వు. సార్, ఇది మీ చేతిలో పెడుతున్నా. రేపు తొమ్మిదింటికి ఆ అబ్బాయి గది ముందు నిలబడి ఉంటాడు. మీరైనా రండి, ఎవరినైనా పంపండి.

సరే, శాలువా కప్పండి, నేను పట్టుకుంటా. టీ చల్లారుతోంది.