ఒడ్డున ఒకరుండాలి

శ్రోతలకు నమస్కారం. ఆపద వచ్చిందంటే సాయానికి పరిగెత్తే కుర్రాళ్లకు మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు. వచ్చినవాళ్లలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు, అసలు తంటా అక్కడే. ఈ ఒక్క ముక్క చెప్పడానికే వచ్చాను, టైమ్ తక్కువ కాబట్టి తిన్నగా విషయంలోకి వెళ్తాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఈ లెక్కలన్నీ మీరు పేపర్లలో చదివే ఉంటారు, వదిలేద్దాం.

నీళ్లు రాని వైపు ఒక కాలనీవాళ్లు నాకు బాగా తెలుసు. పొద్దున్నే పులిహోర కలిపి, పొట్లాలు కట్టి, పాల ప్యాకెట్లతో సహా ఆటోలో వేసుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లారు. అక్కడ చూస్తే ఏముంది, ఇలాంటి ఆటోలు బోలెడు! ఫ్లైఓవర్ దిగగానే ఉన్న వీధులవాళ్ల చేతుల్లోకి రెండో పొట్లం, మూడో పొట్లం వెళ్తోంది, లోపలి కాలనీల్లో డాబాల మీద ఉన్నవాళ్లకు మొదటిదే అందలేదు. డ్రోన్లతో అన్నం పంపాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. అది చూసి వీళ్లలో డిగ్రీ చదివే ఒక అబ్బాయి పాల సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, కదులుతున్న పడవెక్కి లోపలికి వెళ్లిపోయాడు.

చీకటి పడింది. అబ్బాయి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. నువ్వు చూశావా అంటే నువ్వు చూశావా. అప్పటిదాకా వరద బాధితులకు సాయం చేస్తున్నవాళ్లు కాస్తా వాళ్లే బాధితులయ్యారు. అంతలో అతని స్నేహితులు ముగ్గురు ప్యాంట్లు మడిచి, మేం వెళ్లి వెతుకుతాం అని నీళ్లలోకి దిగబోయారు. కరెంటు లేదు, కింద కాలవ ఉందో మ్యాన్‌హోల్ ఉందో తెలియదు.

వాళ్లతో వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "ఆగండ్రా! ఒకణ్ణి వెతకడానికి ముగ్గురు పోతే, రేపు నలుగుర్ని వెతకాలి," అని ఒక్క అరుపు అరిచారు. పులిహోర పొట్లాలకు తెచ్చిన కాగితం ఒకటి తీసి, ఎవరెవరు వచ్చారు, ఇప్పుడు ఎవరెవరున్నారు, అందర్నీ నిలబెట్టి రాశారు. ఆ తర్వాత తిరిగొచ్చిన ప్రతి పడవనీ ఆపి ఒకటే ప్రశ్న: ఎవర్ని ఎక్కించుకున్నావు, ఎక్కడ దింపావు? కొన్ని పడవలు తెలియదన్నాయి. చివరికి ఒకతను చెప్పాడు, పాల సంచీ అబ్బాయిని ఫలానా వీధిలో నీలం రంగు మేడ దగ్గర దింపానని. తిరిగి వచ్చేటప్పుడు ఆ అబ్బాయి పడవలో ఒక గర్భిణికి చోటిచ్చి తను ఆగిపోయాడట, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందట. ఆ మేడ గుర్తు చెప్పి పంపితే తర్వాతి పడవలో దర్జాగా వచ్చాడు. తిట్లు పడ్డాయి, పులిహోరా పెట్టారు.

మర్నాటి నుంచి కండక్టరు గారి పుస్తకంలో పేరు రాయించకుండా ఎవరూ పడవెక్కలేదు.

అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ వేసుకెళ్లి తీసుకొచ్చిన డ్రైవరుకు ఊరంతా జేజేలు కొట్టింది, కొట్టాల్సిందే. ఒడ్డున కూర్చుని పేర్లు రాసినాయన్ని మాత్రం ఎవరూ ఫొటో తీయరు. తీయరు కాబట్టే ఆ పనికి ఎవరూ ముందుకు రారని నా అనుమానం.

అందుకని మీ ఊళ్లో వరద సాయమైనా, జాతరలో సేవైనా, రక్తదాన శిబిరమైనా, బయల్దేరకముందే ఒక మనిషిని ఒడ్డున కూర్చోబెట్టండి. అందరికంటే హుషారైనవాణ్ణి కాదు, వద్దు అని గట్టిగా చెప్పగలిగినవాణ్ణి. ఎంత జనం తోసుకొచ్చినా ఆ మనిషి అక్కణ్ణుంచి కదలకూడదు, పొట్లాలు పంచడానికి కూడా లేవకూడదు. పుస్తకంలో రాయాల్సింది కొంచెమే: పేరు, ఎవరితో వెళ్లాడు, ఎటు వెళ్లాడు, ఎన్నింటికి వస్తానన్నాడు, ఇంట్లోవాళ్ల నంబరు. వచ్చాక ఆ పేరు కొట్టేయాలి. చెప్పిన టైముకు రాకపోతే కుర్రాళ్లని పంపొద్దు, అక్కడున్న ఎన్డీఆర్ఎఫ్ వాళ్లకో పోలీసులకో ఆ లైను చూపించండి, వాళ్లకు కావాల్సింది అదే. ఫోన్‌లో రాసుకుంటామంటారేమో, సాయంత్రానికి ఛార్జింగ్ ఉండదు. కాగితమే మేలు, పాలిథిన్ కవర్లో పెట్టుకోండి. పెన్ను కాదు, పెన్సిలు పట్టుకెళ్లండి, వానకి ఇంకు అలుక్కుపోతుంది.