ఒరలోనే మోగే కత్తి

యాంకర్: ఇవాళ మన మాట 'సేబర్ రాట్లింగ్'. యుద్ధం వచ్చేలా ఉందంటే చాలు, ఇంగ్లిష్ పేపర్లలో ఇది కనబడుతుంది. కత్తులు దూయడమేనా మేడమ్?

అధ్యాపకురాలు: కాదండీ. సేబర్ అంటే గుర్రపు దళం వాళ్లు నడుముకు కట్టుకునే వంపు కత్తి. దాన్ని దూయరు, ఒరలోనే గలగలలాడిస్తారు. దూశాక ఇక బెదిరింపు ఎక్కడిది?

సబ్ ఎడిటర్: కొత్తలో నేను చేసిన తప్పదే. ఉత్తర కొరియా క్షిపణి పరీక్ష వార్తలో ఈ మాట వస్తే 'కత్తులు దూసిన కొరియా' అని హెడ్డింగ్ పెట్టేశా. రాత్రి పదకొండింటికి మా చీఫ్ పేజీ చూసి, "యుద్ధం మొదలైందా? మనకెవరూ చెప్పలేదే!" అన్నారు. దూసిన కొట్టేసి 'కాలు దువ్వుతున్న' అని రాశారు.

అధ్యాపకురాలు: చక్కగా కుదిరింది. ఆంబోతు తల వంచి, ముందుకాలితో మట్టి చిమ్ముతూ రంకె వేస్తుంది చూడండి. అవతలిది తోక ముడిస్తే గొడవ అంతటితో సరి.

యాంకర్: మరి కారాలు మిరియాలు నూరడం?

సబ్ ఎడిటర్: అది ఉత్త కోపం. ఇంట్లో కూర్చుని కూడా నూరుకోవచ్చు. ఇది అవతలివాడి చెవిన పడాల్సిందే.

యాంకర్: కత్తులు నిజంగా మోగిన సందర్భం ఏదైనా ఉందా?

అధ్యాపకురాలు: చిలీలో, 1924 సెప్టెంబరులో. కార్మిక చట్టాలు కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, మూలపడి ఉంటే, సభ్యులు తమకు జీతాలిచ్చుకునే బిల్లు ఎత్తుకున్నారు. సెనేట్ గ్యాలరీలో ఉన్న యువ సైనికాధికారులను బయటికి పొమ్మన్నారు. వాళ్లు వెళ్తూ వెళ్తూ ఒరలను నేలకేసి మోగించారు. ఒక్క కత్తీ బయటికి రాలేదు. వారం తిరక్కుండానే ఆ చట్టాలు ఒక్క రోజులో గట్టెక్కాయి. అధ్యక్షుడు అలెస్సాండ్రి దేశం విడిచి వెళ్లారు, అధికారం జుంటా, అంటే సైనికాధికారుల పాలక బృందం, చేతికి పోయింది. స్పానిష్‌లో 'కత్తుల చప్పుడు' అంటే ఇప్పటికీ సైన్యం సొంత ప్రభుత్వం మీద గుర్రుగా ఉందనే. ఇంగ్లిష్‌లో ఎక్కువగా దేశాల మధ్య బెదిరింపులకు వాడతారు.

యాంకర్: రెండు కంపెనీలు కోర్టుకెక్కుతామని బెదిరించుకుంటే?

అధ్యాపకురాలు: వాడతారు, కాస్త వెటకారంగా. అసలు ఈ మాట ఎవరూ తమ గురించి చెప్పుకోరు. మనం చేస్తే హెచ్చరిక, ఎదుటివాడు చేస్తే సేబర్ రాట్లింగ్.

సబ్ ఎడిటర్: మా హెడ్డింగులూ అంతే. మన మంత్రి అంటే 'గట్టి హెచ్చరిక', పొరుగు మంత్రి అంటే 'కవ్వింపు'.

యాంకర్: అవి రాసేది మీరేగా సార్!

సబ్ ఎడిటర్: (నవ్వుతూ) రాత్రి పదకొండింటికి, ఔను.