గాజు ఎక్కని చెయ్యి

(శ్రీకాకుళంలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన మహిళలు, ఆశా కార్యకర్తల ముందు ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం)

అమ్మలకీ, అక్కలకీ, ఆశా కార్యకర్తలకీ నమస్కారం.

ముందు నా తప్పొకటి చెప్పేస్తాను. చాలా ఏళ్ల కిందట పొందూరు నుంచి ఒకావిడ వచ్చారు. నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు చూడండి, ఆ పని. ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయి ఏడాదిన్నర. చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు, కరెంటు, అదే రేడియేషన్, కూడా పెట్టారు. "సెయ్యి బరువెక్కిపోతంది బాబూ, గాజు ఎక్కట్నేదు" అన్నారు. చీటీలో 'డాప్లర్' అని ఉంది, అంటే నాళాల్లో రక్తం పారుతోందా అని చూసే స్కానింగు. చేశాను. సిరలో రక్తం గడ్డ కట్టలేదు. 'నార్మల్' అని రాసి పంపేశాను.

ఏడాది తర్వాత మళ్లీ వచ్చారు. ముంజేతి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడలేదు, అంత గట్టిపడిపోయింది. "ఏమీ నేదని మీరే రాసినారు కదా" అన్నారు. రాసింది అబద్ధం కాదు, సిర బాగానే ఉంది. చీటీలో అడిగినదానికి జవాబు చెప్పాను, ఆవిడ అడిగినదానికి చెప్పలేదు.

ఒంట్లో రక్తనాళాల నుంచి నీరు, ప్రొటీన్లు నిత్యం ఊరుతుంటాయి. వాటిని తిరిగి తీసుకుపోయే సన్నని గెడ్డలే, అంటే వాగుల్లాంటివే, లింఫ్ నాళాలు. చేతి గెడ్డలన్నీ చాలామటుకు చంకలోంచే పోవాలి. అక్కడి గ్రంథులు తీసేసినా, రేడియేషన్‌కి అక్కడ మచ్చ కట్టినా, నీరు వెనక్కి తన్ని పొలాల్లో పడ్డట్టు చర్మం కింద నిలిచిపోతుంది. అదే లింఫ్ వాపు. చంక గ్రంథులన్నీ తీయించుకున్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షిస్తే చాలా తక్కువ.

మన ప్రాంతంలో చెయ్యో కాలో వాస్తే 'బోద' అనేస్తారు. ఫైలేరియాని ఇన్నేళ్లు చూసిన ఊళ్లు, అనకేం చేస్తారు. కానీ బోదకి కారణం దోమ మోసుకొచ్చే పురుగు. అల్ట్రాసౌండ్‌లో ఒక్కోసారి ఆ పురుగులు లింఫ్ నాళంలో మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి కూడా. ఈ లింఫ్ వాపులో పురుగూ లేదు, బోదకిచ్చే డీఈసీ మాత్రలతో పనీ లేదు. తాకితే అంటుకునేది రెండింట్లో ఏదీ కాదు, కంచం వేరు పెట్టే అత్తగార్లకి ఈ ముక్క చెప్పండి.

ఇక స్కానింగులు. అల్ట్రాసౌండ్ ముందు చేస్తాం, సిరలో గడ్డ ఉందా, చంకలో క్యాన్సర్ మళ్లీ తలెత్తిందా చూడ్డానికి. లింఫ్ దారి మూసుకుపోయిందా అన్నదానికి మాత్రం లింఫోసింటిగ్రఫీ కావాలి. వేళ్ల సందున సన్న సూదితో టెక్నీషియం-99ఎం కలిపిన మందు చర్మం కింద వేస్తారు. దాని రేడియో శక్తి 6 గంటలకోసారి సగం తగ్గిపోతుంది, భయపడక్కర్లేదు. గామా కెమెరా కింద బాగున్న చెయ్యి ఎలా ఉంటుందంటే, ముంజేతి నుంచి ఒక గీత, చంకలో చుక్కలు. వాచిన చేతిలో గీత మధ్యలో తెగుతుంది, ముంజెయ్యంతా మసక మబ్బు. అదే నీరు చర్మంలోకి వెనక్కి తన్నడం.

ఐసీజీ అనే ఆకుపచ్చ మందుతో ఇంకో పరీక్ష ఉంది. కంటికి కనపడని కాంతి కెమెరాలో నాళాలు అప్పటికప్పుడు వెలుగుతాయి. జబ్బు ముదిరేకొద్దీ గీతలు పోయి చుక్కల చీరలా అవుతుంది. నాళాన్ని సిరకి కలిపి కుట్టే సర్జన్లకి ఇదే దారి చూపేది. అయొడిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. ఎమ్మారై ఎందుకంటే, వాపులో నీరెంత, కొవ్వెంత అని. నీరైతే బిగించి కట్టే కట్టుకి తగ్గుతుంది, పేరుకున్న కొవ్వు తగ్గదు.

ఇవన్నీ అందరికీ అక్కర్లేదు. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే స్కానింగు కోసం ఆగకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పొండి.

అన్నిటికంటే ముందు కావల్సింది దర్జీ టేపు. ఆపరేషన్‌కి ముందే రెండు చేతుల కొలతా రాసిపెట్టుకోవాలి. తర్వాత అదే చోట 2 సెంటీమీటర్లు తేడా వస్తే, డాక్టర్‌కి చూపించి చీటీలో 'లింఫ్ వాపు ఉందా?' అని రాయించుకుని రండి. ఉత్త 'డాప్లర్' అని రాస్తే ఒప్పుకోకండి, నాలాంటివాడు మళ్లీ నార్మల్ అని రాస్తాడు.

టేపు ఎక్కడ పెట్టాలో చూపిస్తాను, ఒకరు ముందుకు రండమ్మా. గాజులు తీసి రండి.