మధ్యలో చెయ్యి పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చదవమని లిస్టు ఇచ్చారు, ఏమీ అనుకోకండి, అది జేబులోనే ఉంచుతున్నా, నాకిచ్చింది ఇరవై నిమిషాలే.

టాపిక్ ఏంటంటే పంట వ్యర్థాల మీద ఫంగస్, అంటే బూజు, పెంచి ఎంజైమ్స్ తియ్యడం. వ్యర్థం అనే మాట దగ్గరే నాకు పేచీ. వరిగడ్డి, చెరకు పిప్పి, మొక్కజొన్న కండెలు, వీటిల్లో పెద్ద వాటా సెల్యులోజే, అంటే గ్లూకోజ్ పూసల్ని గుచ్చిన దండ. మనకి అరగదు, బూజుకి అరుగుతుంది. దానికి నోరూ లేదు, కడుపూ లేదు, అందుకే ఎంజైమ్స్‌ని బయటికి వదిలి, తిండిని బయటే అరిగించుకుని అప్పుడు పీల్చుకుంటుంది. బయటికి వదులుతుంది కాబట్టే మనం నీళ్లు పోసి, పిండి, వడగట్టుకుంటే చాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైనికుల కాన్వాస్ గుడారాల్ని ఒక బూజు తినేసింది. ట్రైకోడెర్మా రీసీ అంటే అదే. అప్పుడు దాన్ని తిట్టుకున్నారు, ఇప్పుడు జీన్స్ మెత్తబరిచే సెల్యులేజ్, అంటే సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైమ్, దాన్నించే తీస్తున్నారు. ఇంకో తమాషా, రెడీమేడ్‌గా గ్లూకోజ్ పెట్టారనుకోండి, ఎంజైమ్ తయారీ దాదాపు ఆపేస్తుంది. కష్టపడాల్సిన తిండి పెడితేనే పని చేస్తుంది.

స్లైడ్స్ ఇంకా పద్నాలుగున్నాయి, వద్దులే, పక్కన పెట్టేద్దాం, నేను చెప్పాలనుకుని వచ్చింది వేరే.

నా పీహెచ్‌డీ రోజుల్లో ఫ్లాస్కులో ఐదు గ్రాముల గోధుమ పొట్టు, దాని మీద ఆస్పర్జిల్లస్ నైజర్ అనే ఇంకో బూజు, 30 డిగ్రీలు, నాలుగో రోజుకి ఎంజైమ్ రీడింగులు అదిరిపోయాయి. ఇంకేం, ట్రేలో చేద్దామని నాలుగంగుళాల మందాన నింపేశా. రెండో రోజు మూత తీస్తే పైన దూది పరిచినట్టు తెల్లగా ఎంత బావుందో, ఫోటో కూడా తీసుకున్నా. గ్లౌజు వేసుకుని మధ్యలోకి చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలిపోతోంది! థర్మామీటర్ గుచ్చితే 48. అడుగున జిగట, పుల్లటి కంపు, ఫంగస్ చచ్చి బాక్టీరియా కాపురం పెట్టేసింది. ఫంగస్ కూడా ఊపిరి తీసుకుంటుందండీ, చక్కెర మండించి వేడి పుట్టిస్తుంది, పొట్టులోంచి ఆ వేడి బయటికి పోదు. ఫ్లాస్కులో కొంచెమే కాబట్టి తెలీలేదు.

మా గైడ్ ఏమన్నారంటే, ఫ్లాస్క్ రిజల్ట్ రాయి, ట్రే గొడవ ఎందుకు అని. రాయలేదు నేను. రెండేళ్ల తర్వాత నా థీసిస్ చదివి ఒక జూనియర్ అమ్మాయి అదే ట్రే, అదే నాలుగంగుళాలు, మళ్లీ అదే కంపు. ఆర్నెల్లు పోయాయి ఆ పిల్లకి. నేను ఒక్క పేరా రాసుంటే పోయేవి కాదు. ఆ పేరా ఇప్పుడు చెప్తున్నా, రాసుకోండి: మందం అంగుళం దాటనివ్వకండి, తడిగాలి ఆడనివ్వండి, అస్తమానం కలపకండి, ఫంగస్ దారాలు తెగిపోతాయి.

ఎంఎస్సీ వాళ్లు ఒకసారి చేతులెత్తండి... మీలో ట్రే పాడైపోయినవాళ్లు? సిగ్గుపడకండి బాబూ, ఎత్తండి. ఊఁ, చాలామందే ఉన్నారు. రికార్డులో రాసినవాళ్లు మాత్రం చెయ్యి దించకండి.

...ఒక్కరు. అమ్మా, నువ్వు టీ టైంలో ఆ రికార్డు పట్టుకుని నా దగ్గరికి రా. మిగతావాళ్లకి వెనక టేబుల్ మీద రెండు ట్రేలు పెట్టా, ఒకటి పల్చగా, ఒకటి కావాలనే మందంగా. మాస్కూ గ్లౌజూ అక్కడే ఉన్నాయి, స్పోర్స్, అంటే బూజు గింజల్లాంటి పొడి, పీల్చకండి, మధ్యలో చెయ్యి పెట్టి చూడండి.